మాస్టారు నోరు మెదపని మూడు రోజులు

పెళ్ళయి పాతికేళ్ళు నిండాయి కదా, ఏం కావాలో కోరుకోమని డ్రైవింగు మాస్టారు భార్యను అడిగారు. నగో, గడియారమో అడుగుతుందనుకున్నారు.

"మూడు రోజులు పడవ మీద వెళదాం. పడవ నేను నడుపుతాను. నేను నడిపేటప్పుడు ఇలా తిప్పు, అలా తిప్పు అని మీరు నోరు మెదపకూడదు," అంది ఆవిడ.

మొదటి రెండింటికీ మాస్టారు బుద్ధిగా తలాడించారు. మూడోది వినగానే గొంతులో వెలక్కాయ పడింది. పాపం, నోటి మీద బతికిన మనిషి. ఇరవయ్యేడేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని, "క్లచ్! క్లచ్ అంటుంటే వినబడదూ? కళ్ళెక్కడ పెట్టుకున్నావు?" అంటూ సగం ఊరికి కారు నేర్పిన గొంతు అది. ఆ కేకలు భరించలేకే చాలామంది త్వరగా నేర్చుకుని బయటపడ్డారు.

ఆయన స్కూలు మేడ మీద. కింద గదిలో ఆవిడ ఫోటో స్టూడియో. నీలం తెర, గుండ్రటి స్టూలు, గోడకి అద్దం, అద్దానికి దారంతో కట్టిన దువ్వెన. లైసెన్సు దరఖాస్తుకు ఫోటో కావాలంటే మెట్లు దిగి అక్కడికి రావాల్సిందే. గడ్డం కాస్త ఎత్తండి, నవ్వకండి, అంటూ ఆవిడ ఎన్ని వేలమందిని ఆ స్టూలు మీద కూర్చోబెట్టిందో లెక్కలేదు. తనకూ కారు నేర్పమని అడిగినప్పుడల్లా మాస్టారు "రేపు చూద్దాం" అనేవారు. ఆ రేపు పాతికేళ్ళు గడిచినా రాలేదు.

చివరికి ఆవిడ గుట్టుచప్పుడు కాకుండా వెళ్ళి ఎదురు వీధిలోని నిదానం మాస్టారి దగ్గర చేరింది. ఏం జరిగినా "నిదానం, నిదానం" అంటాడని ఆయనకా పేరు. రోజూ మధ్యాహ్నం కెమెరా రిపేరుకి వెళుతున్నానని చెప్పి బయటపడేది. నలభై రోజులు వరసగా ఏ కెమెరా చెడిపోతుందో మాస్టారికి అనుమానం రాలేదు. భార్య పనిని అంత శ్రద్ధగా గమనించే భర్త ఆయన. దరఖాస్తు ఫోటో కూడా ఆవిడే టైమరు పెట్టి, పరుగెత్తుకెళ్ళి స్టూలు మీద కూర్చుని తీసుకుంది. లైసెన్సు చేతికొచ్చి మూడు వారాలైంది. అది ఇప్పుడు ఆవిడ చేతిసంచిలో, మందుల చీటీ వెనక దాక్కుని ఉంది.

దాక్కోక ఏం చేస్తుంది? ఊళ్ళో ఎవరు కారు బాగా నడిపినా మాస్టారు "మన శిష్యుడే" అంటారు. ఎవరు ఎక్కడ గుద్దినా "ఆ ఎద్దులబండి దగ్గర నేర్చుకుని ఉంటాడు" అంటారు. ఎద్దులబండి అంటే నిదానం మాస్టారే. ఆవిడ అన్నయ్య తన కూతుర్ని అక్కడ చేర్పించిన పాపానికి మాస్టారు రెండేళ్ళు ఆ ఇంటి గడప తొక్కలేదు. అన్నయ్య ఇల్లు వేరు కాబట్టి సరిపోయింది. ఒకే ఇంట్లో ఉంటూ తనతో రెండేళ్ళు మాట్లాడకపోతే ఎలా బతకాలి? ఆవిడకి నిజంగా భయంగా ఉంది. అందుకే ముందు తను నడపడం ఆయన కళ్ళారా చూడాలి, చివరి రోజు మెల్లగా విషయం చెప్పాలి అని ఎత్తు వేసింది.

పడవ యజమాని అరగంట సేపు అన్నీ చూపించి, మూడో రోజు కాలువ చివర రేవులో కలుస్తానన్నాడు. మాస్టారు అలవాటు కొద్దీ తన స్కూలు కార్డు ఒకటి అతని చేతిలో పెట్టారు.

సముద్రం పక్కనే సాగే కాలువ అది. ఒకవైపు ఇసుక తిన్నె, దాని వెనక సముద్రం; కనబడదు, హోరు మాత్రం వినిపిస్తుంది. రెండోవైపు ఇళ్ళ పెరళ్ళు, తీగల మీద ఆరేసిన బట్టలు. పడవ ఎంత జోరుగా వెళ్ళిందంటే, గట్టు మీద సైకిలు తొక్కుతున్న ఒక ముసలాయన వాళ్ళను దాటిపోతూ జాలిగా చెయ్యి ఊపాడు.

ఆ వేగానికే మాస్టారు చెమటలు కక్కారు. నేర్పే కారులో ఆయన కాలి కింద రెండో బ్రేకు ఉంటుంది. పడవలో ఏ బ్రేకూ లేదు. అయినా మలుపు వచ్చినప్పుడల్లా ఆయన పాదం చెక్క నేలను ధనామని తన్నేది. అది చూసి ఆవిడకి కొంటెతనం పుట్టింది. నీళ్ళలో ఒక గుంజ కనబడితే దాని మీదికే సూటిగా పోనిచ్చింది. మాస్టారు తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నారు. బారెడు దూరంలో ఆవిడ పక్కకి తిప్పింది.

"ఏమైనా అన్నారా?"

"దగ్గాను," అన్నారు మాస్టారు తువ్వాలు తీసి.

రెండో రోజు ఆయన దొంగదారి పట్టారు. గట్టు మీద మేస్తున్న మేకను చూస్తూ, "కొంచెం ఎడమకి పోవే తల్లీ, అటు లోతు లేదు," అన్నారు.

"మేకతో అన్నా నాతో అన్నట్టే లెక్క," అంది ఆవిడ. అని, ఎడమకే తిప్పింది.

మూడో రోజు మధ్యాహ్నం, వంతెన దగ్గర కాలువ ఇరుకైన చోట, ఎదురుగా ఇసుక మోసే పెద్ద పడవ వచ్చింది. మాస్టారు బల్ల అంచు పట్టుకున్నారు. ఆవిడ స్టీరింగు మీద వేళ్ళతో టకటకా రెండుసార్లు కొట్టింది. ఎడమ చూసింది, కుడి చూసింది. వేగం తగ్గించి గట్టు వారగా ఆపింది. ఇసుక పడవ జానెడు ఎడంతో దాటిపోయింది. ఇంత బాగా కాచుకున్నందుకు మెచ్చుకుంటారని గర్వంగా పక్కకి తిరిగింది. ఆయన ఆవిడ వేళ్ళకేసి చూస్తున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు.

"ఏంటి?"

"ఆ రెండు దెబ్బలు. రెండు వైపులా చూడ్డం మర్చిపోకుండా ఎద్దులబండి నేర్పే అలవాటు అది. వాడి శిష్యులు ఎక్కడున్నా పట్టేస్తాను. నిన్నటి నుంచి చూస్తున్నాను, కాదులే అనుకున్నాను."

ఆవిడ సంచిలోంచి లైసెన్సు తీసి ఆయన చేతిలో పెట్టింది. మాస్టారు అది పట్టుకుని వెళ్ళి పడవ ముందు భాగంలో వీపు తిప్పుకుని కూర్చున్నారు. గంట గడిచింది. ఆయన మాట నిలబెట్టుకుంటున్నారో, అలిగారో తేల్చుకోవడం కష్టమైంది. ఆవిడకి ఏడుపొచ్చింది, చేతులు ఖాళీ లేక ఏడవలేదు.

"తిట్టాడా?" అన్నారు మాస్టారు ఉన్నట్టుండి, వెనక్కి తిరక్కుండానే.

"లేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఒకసారి గోడకి గుద్దాను. 'నిదానం, గోడ ఎక్కడికీ పోదు' అన్నాడు."

మాస్టారి వీపు కదిలింది. నవ్వో, కోపమో వెనక నుంచి తెలియలేదు.

"మీరే నేర్పాలని ఎన్నిసార్లు అడిగాను?" అంది ఆవిడ.

"నేర్పితే తిట్టేవాణ్ణి. నా నోటి సంగతి నాకు తెలీదా? నా శిష్యులంతా లైసెన్సు రాగానే నా మొహం చూడకుండా పోతారు. నువ్వూ అలా చేస్తే తట్టుకోలేనని భయం." కాస్త ఆగి లైసెన్సు ఎండకి ఎత్తి చూశారు. "ఫోటో బాగుంది. ఎవరు తీశారు?"

"నేనే."

"ఊఁ," అన్నారాయన. మరి క్షమించినట్టా, కాదా?

సాయంత్రానికి కాలువ సముద్రంలో కలిసేచోట రేవు వచ్చింది. యజమాని పడవ చుట్టూ చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"ఒక్క గీత కూడా లేదే! ఎవరు నడిపారండీ?"

"మా ఆవిడ," అన్నారు మాస్టారు.

"అయితే మీ శిక్షణే అన్నమాట!"

ఆవిడ వంగి సంచి సర్దుకుంటున్నట్టు నటించింది. ఆయన అవునంటారు, ఇరవయ్యేడేళ్ళుగా అందరి విషయంలోనూ అంటున్నదే. అననీలే అనుకుంది. మాట్లాడకుండా ఉండడం కన్నా అదే నయం.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఒకటికి రెండుసార్లు సవరించుకున్నారు.

"నాది కాదండీ. మా ఎదురు వీధిలో ఇంకో మాస్టారున్నారు. ఆయన నేర్పారు. బాగా నేర్పుతారు."

ఆవిడ సంచి అలాగే వదిలేసి ఆయన చెయ్యి పట్టుకుంది. కళ్ళు నిండిపోయి రేవు మెట్లు సరిగ్గా కనబడలేదు. మాస్టారు ఆవిణ్ణి నడిపించుకుంటూ చెవి దగ్గరికి వంగారు.

"ఈ మాట మన ఊళ్ళో ఎవరికీ చెప్పకేం?"

ఆవిడ ముక్కు తుడుచుకుని నవ్వింది గానీ, చెప్పనని మాత్రం మాటివ్వలేదు.