ముందుగా చెప్పిన సాక్ష్యం

కంపెనీ పెట్టాలనుకునే కుర్రాళ్లు సలహా కోసం సిలాసు దగ్గరికి రావడం అతని కంపెనీ మూతపడ్డాకే మొదలైంది. నడుస్తున్నన్నాళ్లూ ఒక్కడూ రాలేదు. ఢిల్లీ ద్వారకలోని తెలుగు క్రైస్తవ సంఘంలో వ్యాపారం పెట్టి చేతులు కాల్చుకున్నవాడు అతనొక్కడే కాబట్టి, ఆ విద్యలో అతన్ని మించినవాడు లేడని అందరూ ఖాయం చేసేసుకున్నారు. సిలాసు కూడా కాదనలేదు. వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, అడిగినవీ అడగనివీ చెప్పేవాడు. మనవాళ్లు బాగుందన్నారని మురిసిపోవద్దు, మనవాళ్లు ఎప్పుడూ అలాగే అంటారు. ముక్కూమొహం తెలియనివాడు జేబులోంచి డబ్బు తీశాడా లేదా, అదొక్కటే చూసుకో. వెబ్‌సైటు తరవాత చేయించుకోవచ్చు, ముందు నాలుగిళ్లకి నువ్వే స్వయంగా వెళ్లి రా. అన్నీ పనికొచ్చే మాటలే.

2009 వేసవిలో స్టీవ్ అనే కుర్రాడు ఇవన్నీ శ్రద్ధగా విని, చివర్లో ఒక ప్రశ్న వేశాడు.

"అంకుల్, మీరు చేసిన బిగ్గెస్ట్ మిస్టేక్ ఏంటి?"

"ఆఫీసు నాయనా. అద్దాల తలుపులు పెట్టించా. ఆ అద్దె మమ్మల్ని తినేసింది," అన్నాడు సిలాసు.

కుర్రాడు తల ఊపి వెళ్లిపోయాడు. చెప్పింది అబద్ధమని సిలాసుకి తెలుసు. అసలు తప్పు అద్దాల తలుపులది కాదు, అక్క విషయంలో చేసింది. అది ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోగల ముఖమూ లేదు.

అక్క సువార్త వసంత్ కుంజ్ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు ఇన్‌చార్జి సిస్టరుగా పనిచేసేది. భర్త పోయాడు, కూతురు కెరెన్ ఒక్కతే. తెనాలిలో ఖాళీగా తిరుగుతున్న తమ్ముణ్ణి ఢిల్లీ పిలిపించి, గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికేదాకా తన ఒక్క గది ఇంట్లోనే పెట్టుకుని అన్నం పెట్టింది. కంపెనీ ఆలోచన కూడా ఆవిడ మాటల్లోంచే పుట్టింది. డిశ్చార్జి అయ్యే రోగులు ఇంటికెళ్లాక మమ్మల్నెవరు చూస్తారని ఏడుస్తున్నారని ఒకరోజు భోజనాల దగ్గర అంది. సిలాసు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మరుసటి నెలకల్లా అతను ఉద్యోగం మానేశాడు. ఇంటింటికీ నర్సుల్ని పంపే కంపెనీకి పేరు పెట్టాడు, బోర్డు రాయించాడు. "నువ్వు లేకపోతే నర్సులు నన్ను నమ్మరక్కా," అని బతిమాలి అక్క చేత కూడా రాజీనామా పెట్టించాడు. పదిహేనేళ్ల సర్వీసు వదులుకుని వచ్చిందావిడ. తమ్ముడు అడిగాడు, వచ్చింది, అంతే.

సంఘంలో సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. జబ్బు నయమైనా, ఉద్యోగం దొరికినా, ఆదివారం ఆరాధనలో నిలబడి ప్రభువు చేసిన మేలు చెప్పుకుంటారు. మేలు జరిగాక చెప్పేదే సాక్ష్యం. మన సిలాసుకి అంత ఓపిక ఎక్కడిది. కంపెనీకి ఇంకా నెల నిండకుండానే మైకు అందుకున్నాడు.

"ప్రభువు నాకు ఒక దర్శనం ఇచ్చాడు. ఢిల్లీలో ప్రతి ఇంటికీ ఒక నర్సు. ఆయనే ఇచ్చాడు, ఆయనే నడిపిస్తాడు."

ఆరాధనకని సంఘం అద్దెకు తీసుకున్న స్కూలు హాలు స్తోత్రాలతో మారుమోగింది. పాస్టరు అయ్యగారు అతని తలమీద చెయ్యి వేసి చాలాసేపు ప్రార్థన చేశారు. ఆ వారమే సంఘంలో చాలా కుటుంబాలు కస్టమర్లుగా చేరిపోయాయి. లలితకుమారి ఆంటీ అయితే బీపీ చూడ్డానికి వారానికి రెండుసార్లు నర్సుని పిలిపించుకునేది. ఆవిడ బీపీ, వచ్చిన నర్సు బీపీ కన్నా భేషుగ్గా ఉండేది. వచ్చిన పిల్లకి ఉప్మా పెట్టి, కాసేపు ఊరి కబుర్లు చెప్పించుకుని పంపేది. సిలాసు ఆ లెక్కలు చూసుకుని, వ్యాపారం పుంజుకుందని ఇంకో గది అద్దెకు తీసుకున్నాడు.

బయటివాళ్ల ఫోన్లు మాత్రం వేరేగా ఉండేవి. వాళ్లకి ఇంజెక్షన్లూ డ్రెస్సింగులూ అక్కర్లేదు. ఆఫీసుకెళ్లే కోడలు మంచంలో ఉన్న అత్తగారి పక్కన మనిషి కావాలనేది. స్నానం చేయించాలి, అన్నం తినిపించాలి, బాత్రూముకి నడిపించుకెళ్లాలి. నర్సు కాకపోయినా ఫర్వాలేదు, నమ్మకమైన మనిషైతే చాలు. ఆ ఇళ్లకి పంపిన నర్సులు రెండో రోజే తిరిగొచ్చేసేవారు. చదివింది ఇందుకా అని వాళ్ల బాధ.

ఫోన్ల దగ్గర కూర్చునేది సువార్తే. కొన్ని నెలలు విన్నాక ఒక మధ్యాహ్నం తమ్ముడి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒరే, జనం అడిగేది ఒకటి, మనం పంపేది ఒకటి. వాళ్లకి ఆయాలు కావాలి. నేను తయారుచేస్తా. ముసలాళ్లని ఎట్టా లేపాలో, ఎట్టా తిప్పి పడుకోబెట్టాలో నెల రోజుల్లో నేర్పిస్తా. నర్సుల సంగతి తర్వాత చూద్దాం."

"ఆయాల కంపెనీయా అక్కా?"

"ఏం, తప్పేంది?"

"సంఘం ముందు నర్సులని చెప్పా. ప్రభువే దర్శనం ఇచ్చాడని చెప్పా. ఇప్పుడేమో నిలబడి, కాదు, ఆయన మనసు మార్చుకున్నాడని చెప్పమంటావా?"

"ఆయన్ని మధ్యలోకి లాగమాక. చెప్పింది నువ్వు. మార్చుకోవాల్సింది కూడా నువ్వే."

సిలాసుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఆలోచించేవాడేమో. అక్క అనేసరికి ఎప్పుడో తన నిక్కరుకి బొత్తాలు పెట్టిన మనిషి ఇంకా తనని పిల్లాణ్ణి చేసి మాట్లాడుతోందనిపించింది. నిజానికి ఆవిడ చెప్పింది వ్యాపారం గురించి, అతనికి తగిలింది పరువు దగ్గర. సాక్ష్యం చెప్పనంతకాలం అది ఒక ఆలోచన మాత్రమే, ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. చెప్పాక అది దేవుడి మాటైపోయింది. దేవుడి మాటని దిద్దే ధైర్యం అతనికి లేదు, తన మాటని దేవుడి మాట చేసే ధైర్యం మాత్రం ఉంది.

ఆ ఆదివారం ప్రార్థన మనవులు చెప్పుకునే సమయం వచ్చింది. ఒకరు పిల్లల పరీక్షలన్నారు, ఒకరు బదిలీ అన్నారు. సిలాసు లేచాడు.

"నాతో కలిసి పనిచేస్తున్న ఒకరు విశ్వాసంలో బలహీనపడ్డారు. వారి కోసం ప్రార్థించండి."

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. హాలులో తలలన్నీ ఆడవాళ్ల వైపు తిరిగాయి. కొంగు తలమీద కప్పుకుని క్వయర్ పక్కన కూర్చున్న సువార్త పాటల పుస్తకం మూసేసింది. అయ్యగారు ఆమెను ముందుకు పిలిచి మోకాళ్ల మీద ఉంచి ప్రార్థించారు. పెద్దమ్మలు చుట్టూ చేరి చేతులు వేశారు. ఒకావిడ ఏడ్చింది కూడా. పదిహేనేళ్లుగా అదే సంఘంలో పాడిన మనిషి, ఎందరి పురుళ్ల దగ్గరో రాత్రంతా నిలబడిన మనిషి, చెయ్యని తప్పుకి అలా తలవంచుకుని కూర్చుంది. సిలాసు కళ్లు మూసుకుని అందరితో పాటు ఆమేన్ అన్నాడు.

బయట చెప్పులు వేసుకుంటూ ఆమె ఒకే మాట అంది.

"కస్టమర్లు నర్సుల్ని అడగట్లేదని చెప్పానురా. దేవుణ్ణి నమ్మట్లేదని చెప్పలేదు."

సోమవారం ఆఫీసుకి రాలేదు. నెల తిరక్కుండా ఘాజియాబాద్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో చేరి, అక్కడే ఇల్లు తీసుకుంది. ఆవిడతోపాటే నర్సులూ ఒక్కొక్కరే జారుకున్నారు. మరుసటి ఏడాది కంపెనీ మూతపడింది. సంఘంలో ఎవరూ సిలాసుని తప్పుపట్టలేదు, ప్రభువు చిత్తం అన్నారు. అది విన్నప్పుడల్లా అతనికి ఎక్కడో గుచ్చుకునేది. క్రిస్మస్‌కి ఫోన్ చేస్తే అక్క బాగానే మాట్లాడేది. రమ్మని మాత్రం అనేది కాదు.

స్టీవ్‌కి అబద్ధం చెప్పిన వారమే సిలాసు ఘాజియాబాద్ బస్సెక్కాడు. ఇక ఆగలేననిపించింది. క్షమించమని అడగాలి, అక్కని మళ్లీ తన అక్కని చేసుకోవాలి. దారి పొడుగునా ఆ మాటలే నోట్లో తిప్పుకున్నాడు.

తలుపు తీసింది కెరెన్. ఇంటర్ చదువుతోంది, మొహం అచ్చం తల్లిదే.

"మామయ్యా, ఆప్? అందర్ ఆయియే. మమ్మీ లేటీ హై. ఆపరేషన్ కే బాద్ జ్యాదా బైఠ్ నహీ పాతీ," అంది హిందీలో. అమ్మ పడుకుని ఉందట, ఆపరేషన్ అయ్యాక ఎక్కువసేపు కూర్చోలేకపోతోందట.

"ఏ ఆపరేషన్?"

కెరెన్ అతని మొహం చూసి, అనకూడని మాట అన్నానని నాలిక కరుచుకుంది. లోపల మంచం మీంచి సువార్త గొంతు వినిపించింది.

"రారా. కెరెన్, మామయ్యకి టీ పెట్టమ్మా."

ఆవిడ సగానికి సగం అయిపోయి ఉంది. సిలాసు మంచం పక్కన కూర్చున్నాడు. బస్సులో సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

"ఏమైందక్కా?"

"గర్భసంచిలో గడ్డ. తీసేశారు. రిపోర్టు మంచిదే వచ్చిందిలే."

"ఎవరు చూసుకున్నారు నిన్ను?"

"ఒకావిడ్ని పెట్టుకున్నాం. కెరెన్‌కి పరీక్షలు కదా, పగలంతా ఆవిడే పక్కన కూర్చునేది. మంచిది, చక్కగా చూసుకుంది."

సిలాసు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను క్షమించక్కా. ఆ రోజు హాల్లో నేను చేసింది..."

"అదెప్పుడో అయిపోయింది. నా తమ్ముడివి నువ్వు, నేను క్షమించక ఎవరు క్షమిస్తారు?" అని ఆవిడ అతని చెయ్యి నిమిరింది. అందులో ఏ వెలితీ లేదు. అందుకే అతను ధైర్యం చేసి ఇంకో మాట అడిగాడు.

"మరి ఆపరేషన్ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

 సువార్త కోపమేమీ లేకుండా, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

"చెబితే ఆదివారం నిలబడి ప్రార్థనకి పెడతావు గదరా."

పెట్టనక్కా, అనబోయాడు సిలాసు. అనలేకపోయాడు. గుమ్మంలో ఆపరేషన్ మాట చెవిన పడగానే తనకి మొదట తోచింది ఈ ఆదివారం సంఘానికి చెప్పాలనే. ఏ మాటలతో మొదలుపెట్టాలో కూడా అప్పుడే మనసులో అనేసుకున్నాడు. కెరెన్ టీ తెచ్చింది. అతను తల దించుకుని తాగాడు.