భాగీరథి పేజీకి ఒకే ఒక్క గిరాకీ

మా క్లాసులో ఫస్టు నేను. గొప్పకు చెప్పడం లేదు, మొదటి సెమిస్టరు నుంచీ హుబ్బళ్ళిలో మా పాలిటెక్నిక్ నోటీసు బోర్డు చెబుతున్న మాటే అది. అలాంటి నాకు ఐదో సెమిస్టరులో ఆ భాగీరథి హొసమని కంట్లో నలుసయింది.

కుందగోళ్ మేడమ్ ఆసారి అందరికీ ఒకటే ప్రాజెక్టు ఇచ్చారు. సొంతంగా ఒక చిన్న వెబ్ సర్వర్ రాయాలి. ల్యాబులో ఎవరు ఏ మెషిన్ నుంచి అడిగినా మన పేజీ వాళ్ళకు పంపాలి, అంతే. బాగా చేసిన ఒక్కరిని ధారవాడలో ఒక కంపెనీ ట్రైనింగుకు తీసుకుంటుంది, ఆపైన ఉద్యోగం. ఆ ఒక్కరూ నేనే అని మా ఇంట్లో అప్పుడే చెప్పేశాను. మా అత్త వీధంతా చాటింది.

వారంలో పని ముగించాను. "శకుంతల అంగడి" అని నా పేరూ ఇంటిపేరూ నీలం అక్షరాలతో నా పేజీ నా తెర మీద టక్కున తెరుచుకుంది. ఇంక చూసుకోవడానికేముందని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

భాగీరథి మొదటి ఏడాది మౌస్ పట్టుకోవడానికే తడబడిన పిల్ల. వాళ్ళమ్మ బస్టాండు వెనక జొన్నరొట్టెల ఖానావళి, అదే భోజనాల కొట్టు, నడుపుతుంది. ఈ పిల్ల సర్వర్‌ని ఎవరడిగినా అది ఆ రోజు ఖానావళిలో ఏం వండారో పంపేది. గుత్తి వంకాయ, మొలకల కూర, వేరుశనగ చట్నీ. రోజుకో పేజీ. మొదటి రోజు ల్యాబంతా దాన్నే తెరిచింది.

"అబ్బ, నోరూరిపోతోందే!" అంది నా పక్కనుండే సావక్క.

"బాగుంది" అన్నాను నేనూ. నా కడుపు మండిపోతోంది. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు?

రెండో రోజుకే మిగతావాళ్ళు మర్చిపోయి ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. నేను మర్చిపోలేదు. ల్యాబుకు రాగానే నా ప్రోగ్రాం తెరవకముందే ఆమె పేజీ తెరిచేదాన్ని, ఇవాళైనా చెడిపోయి ఉంటుందేమోనని. చెడిపోకపోతే చెడగొట్టడానికి చూసేదాన్ని. లేని పేజీ ఒకటి అడిగాను, సర్వర్ కుప్పకూలింది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో మరమరాల గిర్మిట్ ఎంత కమ్మగా ఉందో చెప్పలేను. మర్నాడు అదే పేజీ అడిగితే, "ఆ కూర ఇవాళ లేదు, రేపు రండి" అని జవాబొచ్చింది! ఒళ్ళు మండింది. పేరాగ్రాఫంత పొడుగు పేరు కొట్టాను, మళ్ళీ పడింది. మర్నాటికి మళ్ళీ లేచింది. నెల రోజులు ఇదే నా చదువు.

ప్రాజెక్టు చూపించే రోజు మేడమ్ నన్నే ముందు పిలిచారు.

"అమ్మాయిలూ, మీ మీ మెషిన్ల నుంచి శకుంతల పేజీ తెరవండి."

ఎవరికీ తెరుచుకోలేదు. నా మెషిన్లో మాత్రం నిక్షేపంగా ఉంది.

మేడమ్ నా ప్రోగ్రాం చూసి నిట్టూర్చారు. "నీ మెషిన్ అడిగితేనే పలకమని రాశావు కదమ్మా. బయటివాళ్ళు తలుపు కొడితే దీనికి వినపడదు. ఒక్క లైను. నెల రోజుల్లో పక్క మెషిన్ నుంచి ఒక్కసారైనా తెరిచి చూడలేదా?"

పక్క మెషిన్లో సావక్క ఉన్నా, నా పేజీ తెరిచి చూడమని ఒక్కసారీ అడగలేదు.

తర్వాత భాగీరథి. ఆమె పేజీ అందరికీ తెరుచుకుంది. ఆమె సర్వర్ వెనకాల ఇంకో పని కూడా చేస్తోంది. ఏ మెషిన్ ఎప్పుడు ఏమడిగిందో వరసగా రాసుకుంటోంది. మేడమ్ ఆ జాబితాను గోడ మీద తెరకెక్కించారు. మా ల్యాబులో మెషిన్ అడ్రసు చివర సీటు నంబరుంటుంది. నాది పదిహేడు. గోడ నిండా పదిహేడు, పదిహేడు, పదిహేడు.

"ఏమే శక్కూ, భాగి వాళ్ళ ఖానావళికి రోజూ నువ్వొక్కదానివే గిరాకీవా?" అంది సావక్క. ల్యాబంతా గొల్లుమంది.

మేడమ్ నవ్వలేదు. "ఏంటిది శకుంతలా? కావాలని పడగొడుతున్నట్టుంది?"

భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఇంతలో భాగీరథి అంది, "నేనే చెయ్యమన్నాను మేడమ్. ఎక్కడ పడిపోతుందో చూసిపెట్టమని."

"మరి ముందే చెప్పొద్దూ!" అన్నారు మేడమ్. ధారవాడకు భాగీరథి పేరు రాశారు. నా పేరు పక్కన, మళ్ళీ చేసి చూపించమని రాశారు.

మెట్ల దగ్గర ఆమెను పట్టుకున్నాను. థాంక్స్ చెప్పాలి, కానీ నోట్లోంచి వచ్చింది వేరే.

"ఎందుకే అబద్ధం చెప్పావు? నామీద జాలా?"

"జాలెందుకు? మొదట్లో మా పేజీ నచ్చి వస్తున్నావనుకుని మురిసిపోయాను. పిచ్చి పిచ్చి పేర్లు కొడుతుంటే అర్థమైంది. పోనీలే, అలాగైనా ఒకరొస్తున్నారు కదా అనుకున్నా. నువ్వు పడగొట్టకపోతే నాకు బాగుచేయడం వచ్చేదా?"

"నా సర్వర్ తెరుచుకోవట్లేదని నీకు తెలీదా మరి?"

"తెలీదు. ఒక్కసారి కూడా నీది తెరవలేదు. తెరిచుంటే మొదటి రోజే చెప్పేదాన్ని."

"ఎందుకు తెరవలేదు?"

ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, నా మొహంలోకి చూడకుండా అంది:

"నువ్వు ఫస్టు కదే. నాకంటే ఎంతో బాగా చేసుంటావు. చూస్తే కడుపు మండుతుందని భయమేసింది."