ఆముదం తాగిన పట్టా

వీరబ్రహ్మం మండపేట కాలవ రేవులో పడవ దిగుతుండగానే ఆ అరుపు వినబడింది. సన్నగా మొదలై, సాగి సాగి, ఎక్కిళ్ళు పెట్టి ఆగింది. వెంట దిగినవాళ్ళు చెవులు మూసుకుని గబగబా నడిచిపోయారు. కాకినాడ రేవు కార్ఖానాలో ఇరవయ్యేళ్ళు ఇంజన్లతో వేగిన మనిషి కనుక, అతను మాత్రం ‘మిల్లు పట్టా జారుతోంది’ అనుకున్నాడు. అనుకున్నాడే గానీ అందరికన్నా వెనకబడి నడిచాడు.

ఆ ఆవిరి మిల్లు బిగించినవాడు అతనే. ఇంజన్ పెద్ద చక్రం నుంచి వడ్లు దంచే యంత్రం చక్రానికి జానెడు వెడల్పున్న తోలు పట్టా తొడిగి, రెండు కొసలూ తోలుతాడుతో కుట్టి వెళ్ళాడు. అది రెండేళ్ళ కిందటి మాట. మొన్న కార్తీకంలో, బియ్యం చెరగడానికి వచ్చే వీరవేణి అనే పిల్ల జడ ఆ పట్టాకి చిక్కుకుంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఇంజన్ ఆపేలోపే అంతా అయిపోయింది. అప్పట్నుంచీ పట్టా ఏడుస్తోందని ఊరంతా అంటున్నారు.

“ఆడకూలీలు ఒక్కరూ గుమ్మం దాటి లోపలికి రావట్లేదయ్యా,” అన్నారు మిల్లు యజమాని చంద్రరావు గారు. “శాంతి చేయించాను, కోడిని కోయించాను. నీ యంత్రం పూజలకి లొంగే రకం కాదు. నువ్వే చూడు.”

వీరబ్రహ్మం ఇంజన్ ఆపించాడు. పట్టా అరవడానికి కారణాలు మూడేనని అతని నమ్మకం. వదులైనా అయ్యుండాలి, చక్రాలు ఒక వరసలో లేకపోయినా ఉండాలి, లేదంటే జారుడు పట్టి ఉండాలి. బొటనవేలితో నొక్కి చూశాడు. బిగువు సరిగ్గానే ఉంది. రెండు చక్రాల అంచుల మీదుగా దారం లాగి పట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు. వెంట్రుక అన్న మాట మనసులో మెదలగానే దారం గబగబా చుట్టేశాడు. పట్టా లోపలి వైపు వేలు పెడితే వేలు నిలవలేదు. వాసన చూశాడు. ఆముదం.

“దీనికి నూనె ఎవడు పోశాడయ్యా?”

కొలిమిలో ఊక వేసే గంగయ్య నీళ్ళు నమిలాడు. “కుయ్యోమంటే నూనె పొయ్యాలి కదండీ. బండి ఇరుసుకి పొయ్యమా ఏంటండి?”

“ఇరుసు తిరగాలి, దానికి నూనె కావాలి. పట్టా చక్రాన్ని పట్టుకోవాలి. దానికి నూనె పోస్తే జారి జారి అరుస్తుంది. ఒకనాడు చక్రం నుంచి ఊడొచ్చి ఎవడి మెడకో చుట్టుకుంటుంది.”

“పోసింది నేను కాదండి.” గంగయ్య గొంతు తగ్గించాడు. “ఆ పిల్ల తల్లి అచ్చాయమ్మండి. రోజూ మంచులో పడి, ఇంజను తిప్పకముందే వత్తాది. తలకి నూనె లేక నా పిల్ల ఏడుత్తంది అని గిన్నెడు ఆముదం పోసి పోతాది. వద్దనడానికి నోరు రాలేదండి.”

మొదట్లో మంచు తేమకి ఒకసారి కీచుమని ఉంటుంది. అది విని నూనె. నూనె పడిందని ఏడుపు, ఏడ్చిందని మళ్ళీ నూనె. నవ్వొచ్చే సంగతే గానీ వీరబ్రహ్మానికి నవ్వు రాలేదు.

పట్టా చక్రాల మీంచి దింపి కింద పరిచి, ఊక బూడిద చల్లి రుద్దడం మొదలుపెట్టాడు. బూడిద నూనెను పీల్చేకొద్దీ తోలు రంగు బయటపడింది. అలా మూరా మూరా తుడుచుకుంటూ వచ్చి, అతుకు దగ్గర ఆగిపోయాడు.

అతుకు కుట్టాక తోలుతాడు కొస లోపలికి దోపి, మిగిలింది కోసెయ్యాలి. తండ్రి అతనికి నేర్పిన మొదటి పాఠం అదే. ఇక్కడ కొస నాలుగు వేళ్ళ పొడవున, ముడితో సహా పైకి లేచి ఉంది. పడవకి వేళవుతోందని, మళ్ళీ వచ్చినప్పుడు కోద్దాంలే అని వెళ్ళిపోయిన సంగతి అతనికి ఇప్పుడు గుర్తొచ్చిందంటే అబద్ధం. పిల్ల పోయిందన్న కబురు విన్న రోజు నుంచీ గుర్తుంది. ఆ ముడిలో పొడుగాటి నల్లని వెంట్రుకలు పెనవేసుకుని ఉన్నాయి. రోజూ ఎవరో దువ్వుతున్నట్టు నిగనిగలాడుతున్నాయి.

వీరబ్రహ్మానికి ప్రాణం పోయినంత భయం వేసింది. దెయ్యమని కాదు, ఆ ముడి ఎవరి కంటైనా పడుతుందని. గంగయ్య అటు తిరిగేదాకా ఆగి, ముడి కోసి, వెంట్రుకలతో సహా గుడ్డలో చుట్టి రొంటిన దోపుకున్నాడు. కొత్త తాడుతో కుట్టి, ఈసారి కొస లోపలికి దోపి కోశాడు. జారకుండా లోపలి వైపు గుగ్గిలం పొడి చల్లి పట్టా తొడిగాడు.

మర్నాడు చంద్రరావు గారి తొందర కొద్దీ మంచు విడకముందే ఇంజన్ తిప్పారు. పట్టా చడీచప్పుడూ లేకుండా తిరిగింది. గుమ్మంలో మూగిన ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళను తప్పించుకుంటూ అచ్చాయమ్మ ఆముదం గిన్నె పట్టుకుని లోపలికొచ్చింది. చాలాసేపు చెవొగ్గి నిలబడింది.

“ఏడవట్లేదేంటి బాబూ?”

“జారుడు తీసేశానమ్మా. ఇంక ఏడవదు.”

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. తప్పు చేసిన నోరు ఎంత సులువుగా మూసుకుంటుందో!

“నా పిల్ల ఏడుపు మాన్పావు. నీ పిల్లాపాపా చల్లగుండాలి.” అచ్చాయమ్మ గిన్నెలో చెయ్యి ముంచి, దీవిస్తూ ఆ ఆముదం అతని మాడున పెట్టింది.

అరుపు మొదలైంది.

అందరూ పట్టా వైపు చూశారు. అది చప్పుడు చెయ్యకుండా తిరుగుతూనే ఉంది. గంగయ్య పరుగున వెళ్ళి ఇంజన్ ఆపాడు. చక్రాలు నిలిచాయి. అరుపు నిలవలేదు. సన్నగా, సాగి సాగి, వీరబ్రహ్మం రొంటి దగ్గర్నుంచి వస్తోంది. అక్కడ వెంట్రుకలు చుట్టిన గుడ్డ, కన్నీళ్ళు పడ్డట్టు వెచ్చగా తడిసింది.

అచ్చాయమ్మ చెయ్యి అతని మాడు మీదే ఉంది. ఆవిడ నిలిచిపోయిన పట్టా అతుకు కేసి చూసింది.

“దాని జుట్టున్న ముడేది బాబూ? రోజూ దాని మీదే పోసేదాన్ని.”

వీరబ్రహ్మం రొంటిన ఉన్న గుడ్డ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. “ముడి నేను వేసిందేనమ్మా. కొస కొయ్యకుండా వెళ్ళిపోయాను. పడవకి వేళయిందని...”

అరుపు ఆగిపోయింది. అచ్చాయమ్మ గుడ్డ విప్పి, వెంట్రుకలు ఒక్కొక్కటే చిక్కు తీసి, వేలికి చుట్టుకుంది. అప్పుడు తలెత్తి అడిగింది.

“పడవ అందిందా బాబూ?”