దేవన్న పథ్యం

సౌదీలోని జుబైల్ లేబర్ క్యాంపులో ఆ గదికి మంచి పేరుండేది. అందరూ జగిత్యాల వైపు మనుషులే. ఒకే పొయ్యి, వంతులవారీ మెస్. ఎవరి వంతు రోజు వాళ్లు వండాలి, వంట కుదరకపోతే మిగతావాళ్ల నోళ్లలో నానాలి. శుక్రవారం సెలవు నాడు నాగేందర్ చేపల పులుసు పెట్టేవాడు. రాజేశం వంతంటే పల్లీల పచ్చడి, పాలకూర పప్పు. దేవన్నకు మాత్రం వంట రాదు. పైప్ ఫిట్టర్‌గా వెంట్రుకవాసి తేడా రానివ్వడు గానీ, ఆయన చేతి అన్నం ఓ రోజు పలుకు, ఓ రోజు సంకటి. అందుకని గిన్నెలు తోమే పనికి శాశ్వతంగా కుదిరిపోయాడు. ఈ ఏర్పాటు అందరికీ నచ్చింది, అందరికంటే ఎక్కువగా ఆయనకే.

తర్వాత సొంత దేశస్థులకే ముందు ఉద్యోగాలివ్వాలనే నితాకత్ చట్టం వచ్చి పడింది. సౌదీవాళ్లు తగినంతమంది లేకపోతే కంపెనీ ఎర్ర రంగు జాబితాలోకి జారుతుందన్నారు. దాని మీద లెవీ ఒకటి, పరదేశి పనివాడు ఉన్నందుకు నెలనెలా కట్టాలన్నారు. కంపెనీ మోయలేని బరువు చివరికి ఎవరి నెత్తిన దిగుతుందో వేరే చెప్పాలా? ఒక్కొక్కరికీ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపడం మొదలుపెట్టారు. నాగేందర్ వెళ్లాడు, చేపల పులుసు వెళ్లింది. రాజేశం వెళ్లాడు, పప్పూ పచ్చడీ వెళ్లాయి. చివరికి గదిలో దేవన్న, ఆయనకంటే చిన్నవాడు లింబాద్రి మిగిలారు. ఇద్దరి కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాక, బయట దొరికే వేయించిన కోడి, కూల్‌డ్రింకు, మైదా రొట్టె, వాటితోనే రోజులు గడిపేశారు.

మొదట్లో ఎవరినైనా బస్సెక్కిస్తే, అది కనుమరుగయ్యేదాకా దేవన్న అక్కడే నిలబడేవాడు. రానురాను అదీ పోయింది. ఖాళీ మంచాలు చూసినా, ఇంటి నుంచి భార్య దేవవ్వ ఫోన్ చేసినా ఆయనకు ఒకటే. "మంచిగనే ఉన్న" అనేవాడు. బాధ ఉందా అంటే లేదు. సంతోషం ఉందా అంటే అదీ లేదు.

ఒకనాడు ప్లాంటులో మెట్లెక్కుతుంటే ఛాతీ బిగుసుకుంది. కంపెనీ క్లినిక్కుకు పంపారు. అక్కడి డాక్టరు హఫ్సా హైదరాబాదామె. గుండెకు రక్తం సరిగ్గా అందడం లేదని, మంచి కొలెస్ట్రాల్ బాగా తక్కువగా ఉందని చెప్పి మాత్రలు రాసింది. "వేపుళ్లు మానండి, జాగ్రత్తగా తినండి. ఈ నొప్పి ఇలాగే ఉంటే మాత్రం మిమ్మల్ని పనికి అన్‌ఫిట్ అని రాయాల్సి వస్తుంది" అంది. బయట ఇంకా ఎంతోమంది రోగులు కాచుకుని ఉన్నారు. అన్‌ఫిట్ అంటే ఎగ్జిట్. మందులతో, నొప్పితో, సంపాదన లేకుండా ఇల్లు చేరడం. దేవన్న తల ఊపి వచ్చేశాడు.

సంగతి విని భయపడినవాడు లింబాద్రి. వెంటనే దేవవ్వకు ఫోన్ కలిపాడు.

"రక్తంల కొవ్వట వదినా. ఏం వెట్టాలె?"

"కొవ్వయితె ఇంకేముంది తమ్మీ, పథ్యం వెట్టు" అంది దేవవ్వ. "నూనె బంద్. శాపలు బంద్. పల్లీలు ముట్టనియ్యకు. తెల్లన్నం, మిరియాల చారు. మా అయ్య జరమొచ్చి లేస్తె గదే వెట్టినం, మల్ల మనిషైండు."

మన ఇళ్లలో ఏ జబ్బు వచ్చినా పథ్యం ఒక్కటే. లింబాద్రి దాన్ని దీక్షలా పట్టాడు. రోజూ తెల్లన్నం, నీళ్లలాంటి చారు, నీరసం రాకుండా చక్కెర దండిగా వేసిన టీ. "నువ్వు చప్పిడి తింటుంటె నేను కూర తింటనా?" అని తనూ అదే తిన్నాడు. ఆ పథ్యం దేవన్నకు ఎంత హాయిగా ఉందో అతనికి తెలియదు. ఫలానాది కావాలని అనిపించనివాడికి ఏమీ వద్దనే తిండి కంటే సుఖమేముంది?

మళ్లీ పరీక్షకు ఇద్దరూ కలిసి వెళ్లారు. రిపోర్టు చూసి హఫ్సా ముఖం చిట్లించింది.

"మంచి కొలెస్ట్రాల్ ఇంకా దిగింది, దేవన్నగారూ. షుగర్ కూడా అంచు మీదికొచ్చింది. అసలు ఏం తింటున్నారు?"

లింబాద్రి ఛాతీ విరుచుకుని మొత్తం చెప్పాడు. ఆమె కలం కింద పెట్టేసింది.

"అయ్యో, ఇది జ్వరానికి చేసే పరహేజ్, జ్వరం పథ్యం కదండీ! తప్పు నాది కూడా, ఆ రోజు విడమరిచి చెప్పలేదు. నూనెలన్నీ శత్రువులు కావు. చేపల్లో, పల్లీల్లో ఉండే కొవ్వు గుండెకు మంచిది. మీరేమో అది తీసేసి, ఆ చోటంతా తెల్లన్నంతో, చక్కెరతో నింపారు. అలా తింటే మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. అన్నం తగ్గించండి. పప్పు, ఆకుకూర, చేప, గుప్పెడు పల్లీలు తినండి. రోజూ నడవండి. ఆ ఒక్క అంకె పెరిగితే చాలని కాదు, పళ్లెం మొత్తం మారాలి. మాత్రలు మానొద్దు. ఇంకోసారి చూస్తాను."

ఇంకోసారి అంటే అదే ఆఖరుసారి అని ముగ్గురికీ తెలుసు. తిరిగి వస్తుంటే బస్సులో లింబాద్రి అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. "నా చేతులతోనే వెట్టిన గదనే అన్నా" అన్నాడు. భుజం తట్టి, నీ తప్పు లేదురా అనాలి. దేవన్నకు ఆ సంగతి తెలుసు, అయినా చెయ్యి లేవలేదు. కిటికీలోంచి పైపుల వరసలు చూస్తూ ఉండిపోయాడు.

ఆ వారమే లింబాద్రికి ఎగ్జిట్ కొట్టారు. వెళ్లేలోపు అతను దేవన్నను పొయ్యి ముందు నిలబెట్టి చింతపండు ఎంత నానబెట్టాలో, చేప ముక్క ఎప్పుడు వేయాలో అన్నీ చూపించాడు. దేవన్న అన్నిటికీ ఊఁ కొట్టాడు. బస్సు కదిలాక గదికొచ్చి ఎప్పటిలాగే తెల్లన్నం వండుకున్నాడు.

ఒక శుక్రవారం నమాజు అయిపోయిన వేళ, లింబాద్రి ఊరి నుంచి వీడియో కాల్ చేశాడు.

"ఏం తింటున్నవే అన్నా?"

"శాపల పులుసు. మంచిగ కుదిరింది."

"ఏదీ, పళ్లెం జూపియ్."

దేవన్న ఫోన్ తిప్పాడు. పళ్లెంలో తెల్లన్నం, పక్కన టీ గ్లాసు. అబద్ధం దొరికిపోయిందన్న సిగ్గయినా కలగలేదు. అవతల లింబాద్రి ఫోన్ ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"నువ్వు సచ్చిపోతవే. డబ్బాల వెట్టి పంపిస్తరు నిన్ను. ఎయిర్‌పోర్టుకు వచ్చి నేను ఆ డబ్బను తీస్కపోవాల్నా? దేవవ్వ వదిన ముంగట నేను దించాల్నా ఆ డబ్బను?"

లింబాద్రి ఏడుస్తున్నాడు, దాపరికం లేకుండా, ముక్కు తుడుచుకుంటూ. ఇన్నాళ్లలో తన కోసం ఎవరైనా ఏడవడం దేవన్న కళ్లారా చూడటం అదే మొదలు. లోపల ఎక్కడో కలుక్కుమంది. అది ఛాతీ నొప్పి కాదని ఆయనకు తెలిసింది.

"లే. అంగి తొడుక్కో. ఫోన్ కట్ చేస్తివో, మంచిగుండదు" అన్నాడు లింబాద్రి.

దేవన్న ఫోన్ చేత్తో పట్టుకుని ఎండలో నడిచాడు. కేరళ మల్బారీ దుకాణంలో లింబాద్రి ఫోన్లోంచే బేరమాడి బాంగ్డా చేపలు కోయించాడు, పల్లీలు కట్టించాడు. గదికొచ్చాక ఫోన్‌ను గోడకు ఆనించి నిలబెట్టాడు. చింతపండు పిసకమంటే దేవన్న పిసికాడు. మంట తగ్గించమంటే తగ్గించాడు. ముక్కలు విరుగుతాయి, గరిటె పెట్టకు అని ఎంత అరిచినా పెట్టాడు, ముక్కలు విరిగాయి.

దేవన్న పళ్లెం ముందు పెట్టుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ముఖం వికారంగా పెట్టాడు.

"ఏమైందే?"

"ఉప్పెక్కువైందిరా" అన్నాడు. ఆ మాటతోపాటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దుఃఖం తన్నుకొచ్చింది. ఆ గదిలో మంచాలు ఖాళీ చేసి వెళ్లిన అందరి కోసం, ఇప్పుడు ఒక్కసారే. ముద్ద మింగలేక, ఉమ్మలేక నోరు మూసుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. లింబాద్రి ఏడవనిచ్చాడు.

"గంత ఉప్పు తింటె డాక్టరమ్మ తంతది" అన్నాడు చివరికి.

దేవన్న ముఖం తుడుచుకున్నాడు. ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"రేపు తక్కువేస్త" అన్నాడు.