పైకి లాగినప్పుడు

నేను ఒక ఇనుప గొట్టాన్ని. మూరెడు పొడవు, బొటనవేలంత లావు. అడుగు మూసి, ఒంటినిండా జిగురుతో ఇసుక అంటించి, విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో ఇసుక తొట్టెలో నన్ను నిలబెట్టారు. సముద్రం ఒడ్డున కట్టబోయే తుపాను హెచ్చరిక టవరు కింద భూమిలోకి దిగే పైళ్లకు, అంటే పునాది స్తంభాలకు, నేను బుల్లి నమూనానట. గొప్పే!

నెత్తిన బరువు పెట్టి నొక్కితే నాకేం? పాదం కింద ఇసుక ఆపుతుంది, చుట్టూ ఉన్న ఇసుక ఒంటిని పట్టుకుంటుంది. పైకి లాగినప్పుడే నా తిప్పలు. అప్పుడు పాదానికి దిక్కు లేదు, ఒంటిని పట్టుకున్న ఇసుకే ఆధారం. గాలి టవరును తోస్తే ఒక పక్క పైళ్లు నొక్కుకుపోతాయి, రెండో పక్కవి ఊడిరావాలని చూస్తాయి. ఇంత చిన్న సంగతి తేల్చడానికి నన్ను నలభై సార్లు పీకారు!

పీకింది హైమావతి, పరిశోధక విద్యార్థిని. ఒడ్డున ఇసుక వదులుగా ఉంటుంది కనుక తొట్టెలోనూ ఒకే ఎత్తు నుంచి గరాటుతో వదులుగా రాల్చాలని ఆమె నియమం. ఆ పని అటెండరు వరహాలుది. ఆయన ఒకప్పుడు తాపీమేస్త్రీ. ఆమె టీకి వెళ్లగానే తొట్టె చుట్టూ చెక్కసుత్తితో టకటకా కొట్టేవాడు. ఇసుక బిగుసుకుని నన్ను వదిలేది కాదు. అంకెలు ఘనంగా వచ్చేవి. వాటిని నమ్మి పైళ్లను పొట్టిగా దింపితే టవరు పడిపోతుందయ్యా అని అరుద్దామంటే నాకు నోరేదీ?

వరహాలు సెలవు పెట్టిన రోజు హైమావతే ఇసుక పోసింది. రోజూ పట్టే బలంలో సగానికే ఊడివచ్చాను.

"ఆ ఒక్క రీడింగూ తీసెయ్యమ్మా. సోమవారం రిపోర్టు ఇవ్వాలి" అన్నారు గైడుగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆమె తీసెయ్యలేదు. మర్నాడు పక్కనే నిలబడి వరహాలు చేత ఇసుక పోయించింది. ఆయన అలవాటుగా సుత్తి అందుకున్నాడు.

"అదెందుకు వరహాలు గారూ?"

"ఇసకని అలా వొగ్గీస్తే ఎలాగమ్మా? నాలుగు దెబ్బలేస్తేనే కదా సర్దుకుంటాది. రోజూ ఏస్తన్నాను" అన్నాడు, మెచ్చుకుంటుందని చూస్తూ.

హైమావతి స్టూలు మీద కూలబడింది. ఎనిమిది నెలల పని గంగపాలు.

"ఒడ్డున ఇసకని ఎవరు కొడతారండీ? మన లెక్క నమ్మితే గాలివానకి టవరు పడిపోతుంది."

వరహాలు మొహం పాలిపోయింది. "ఆ టవరు మా పేటలోనే కడతారంట కదమ్మా..." అంటూ సుత్తి ఆమె చేతికిచ్చేశాడు. "మళ్లీ మొదట్నించీ లాగండమ్మా. నాను ముట్టుకోను" అన్నాడు.

మళ్లీ నలభై సార్లు! ఒంటి మీద ఇసుక అప్పటికే సగం రాలిపోయింది. కొత్తగా జిగురు పూసి, కొత్త ఇసుక అంటించి నిలబెట్టారు. వరహాలు చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. హైమావతి నా నెత్తికి కట్టిన తీగ లాగింది. వదులు ఇసుకలో ఎంతకు ఊడిరావాలో సరిగ్గా అంతకే వచ్చాను.