సినిమా ఇల్లు, సొంతిల్లు

ఆగండాగండి, ఆ ఫోను కాస్త బోర్లా పెట్టి ఇది వినండి, మధ్యలో ఆపితే మళ్ళీ నేను అందుకోలేను. ఓర్లాండోలో ఓ ఆదివారం మధ్యాహ్నం, బయట వాన పడబోయే ఉక్క, కోరిన్ వంటింట్లో చికెన్ వింగ్స్ వేయిస్తోంది. గ్యారేజీలోంచి మొగుడి కేక. "హనీ, రాంచ్ ఎక్కడ పెట్టావ్?" రాంచ్ అంటే ఆ వింగ్స్ ముంచుకుతినే తెల్ల సాసు. అది ఫ్రిజ్ తలుపులో ఉంటుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ అక్కడే ఉంటోంది, అది కాళ్ళొచ్చి నడిచింది లేదు. "ఫ్రిజ్ తలుపులో ఉంది వేడ్." "ఏ తలుపులో?" అసలు ఫ్రిజ్‌కి ఎన్ని తలుపులుంటాయండీ! ఆమె స్టవ్ తగ్గించి, చేతులు తుడుచుకుని, సీసా తీసుకెళ్ళి అతని మోచేతి పక్కన పెట్టొచ్చింది. అతను చూళ్ళేదు. మైకులో మాట్లాడుతున్నాడు కదా.

ఈ వేడ్ మామూలోడు కాదు. ఆదివారం ఆదివారం వాడూ, వాడి ఫ్రెండ్ లోనీ గ్యారేజీలో కూర్చుని నెట్‌లో లైవ్ షో చేస్తారు. సబ్జెక్ట్ ఒక్కటే, హాలోవీన్ అనే దెయ్యాల పండక్కి కట్టే ఇళ్ళు. ప్రతి ఏడూ ఆకురాలే కాలంలో అక్కడి పెద్ద థీమ్ పార్కులు చీకటి ఇళ్ళు కడతాయి, జనం లైన్ కట్టి లోపలికెళ్ళి కెవ్వున అరిచి బయటకొచ్చి నవ్వుకుంటారు. అందులో రెండు రకాలు. ఆల్రెడీ వచ్చిన సినిమాని పట్టుకుని కట్టేది సినిమా ఇల్లు. ఏ సినిమాలోనూ లేని కథ, పార్కు వాళ్ళే అల్లుకుని కట్టేది సొంతిల్లు. ఏది గొప్ప అంటే అక్కడ అన్నదమ్ములు కూడా కొట్టుకుంటారు, నేను కళ్ళారా చూశా. వేడ్ సొంతిళ్ళ పార్టీ. "సినిమా ఇల్లంటే అద్దిల్లురా! గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి. సొంతిల్లు సొంతిల్లే!" అంటాడు, జనం లైకులు కుమ్మరిస్తారు. ఆ మాట టీషర్టుల మీద కూడా వేయించాడు. ఆ టీషర్టులు ఉతికేది ఎవరో వేరే చెప్పాలా.

ఆ రోజు షోలో ముందురోజు చూసొచ్చిన కొత్త సొంతిల్లు గురించి చెప్తున్నాడు. దాని పేరు 'భోజనాల వేళ'. కోరిన్ వింగ్స్ ప్లేటు పట్టుకుని గ్యారేజీ తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఐడియా కొత్తదేరా, కాదనను," అంటున్నాడు వేడ్. "కానీ ఆ గొంతులేంట్రా బాబూ! గోడల వెనకనుంచి మొగుడు అరుస్తుంటాడే, అది ఎక్కడ పెట్టావ్, ఇది ఎక్కడ పెట్టావ్ అని. ఏ మొగుడు మాట్లాడతాడ్రా అట్లా? రాసినోడెవడో గానీ పక్కా పెళ్ళి కానోడు!"

"లేదా విడాకులైనోడు!" అని లోనీ. ఇద్దరూ పడీ పడీ నవ్వు.

"కర్టెన్లు మాత్రం సూపర్. అవి మా ఆవిడ పెట్టినవే."

కోరిన్ ప్లేటు పెట్టి వెనక్కొచ్చింది. నూనె మాడు వాసన. స్టవ్ ఆపి, అట్లాగే నిలబడిపోయింది. కోపం రావాలి కదా? రాలేదు. కోపానిక్కూడా కాస్త ఓపిక కావాలి, ఆ ఓపిక పొద్దున బట్టలతో పాటు డ్రయర్‌లోకి పోయింది. ఎందుకంటే ఆ పెళ్ళి కానోడు ఈవిడే. ఆ ఇల్లు ఆవిడదే. కర్టెన్లు కాదు, ఇల్లు.

ఏళ్ళ తరబడి పార్కులో ఆమెది సెట్లు సర్దే పని. ఎన్ని సినిమా ఇళ్ళు సర్దిందో! సినిమాలో టీ కప్పుకి పగులు కుడివైపుంటే ఇక్కడా కుడివైపే ఉండాలి, రక్తం ఏ టైలు మీద చిందిందో ఆ టైలు మీదే చిందాలి, సినిమా వాళ్ళు ఫొటోలు పట్టుకొచ్చి పోల్చి చూసుకుంటారు. ఆమె చేతిలో ఏదీ తప్పిపోదు. అందుకే ఆమెని ఎవరూ పట్టించుకోరు, తప్పు జరిగితేనే కదా మనిషి కనపడేది. మేనేజరు బ్రెంట్ ఆమెకంటే చిన్నోడు, "కోరిన్ మా టీముకి అమ్మ!" అంటాడు ముచ్చటగా. అమ్మ అంటే ఏంటంటే అందరి పుట్టినరోజు కేకులూ తనే తేవాలి, ఆఫీసు ఫ్రిజ్‌లో బూజు పట్టిన డబ్బాలూ తనే పారేయాలి. ఇంటికొస్తే అత్తగారు ఒపాల్, "నీదేం పని పిల్లా, ఇంట్లో సర్దేదే అక్కడా సర్దుతావ్, పైగా జీతం!" అనేది. మొన్నటిదాకా.

మార్చిలో ఓ సినిమా డీల్ చెడిపోయింది. ఒక ఇంటి చోటు ఖాళీ. మీటింగులో మగపిల్లలు రక్తపిశాచుల సర్కస్ అన్నారు, పడవ నిండా శవాలన్నారు, బ్రెంట్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, ఖర్చు ఖర్చు అని. కోరిన్ ఆ పొద్దున రెండుసార్లు వంటిల్లు కడిగి వచ్చింది, ఒకసారి తనకోసం, ఒకసారి తను కడిగాక వేడ్ ఆమ్లెట్ వేసుకున్నందుకు. ఆ అలుపులో నోరు జారింది. "ఒక వంటిల్లు. దాట్లోంచి తలుపు తీస్తే మళ్ళీ అదే వంటిల్లు. కాస్త ఇరుగ్గా. మళ్ళీ అదే, ఇంకా ఇరుగ్గా. సింకు దగ్గర ఒకావిడ, వీపే కనపడుద్ది. గోడల వెనకనుంచి ఆవిణ్ణి పిలుస్తుంటారు. అంతే." "దెయ్యం ఎప్పుడొస్తది?" అన్నాడు బ్రెంట్. "రాదు. ఆవిడ కూడా మొహం తిప్పదు. గిన్నెలు తోముతూనే ఉంటది." అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "వింతగా ఉంది," అన్నాడు బ్రెంట్, "చవగ్గానూ ఉంది."

ఆ సాయంత్రం వేడ్‌కి చెప్పింది కూడా. "నా సొంతిల్లు ఒప్పుకున్నారు." "సూపర్ హనీ! కొంచెం లే, రిమోట్ నీ కిందుందేమో."

గోడల వెనక గొంతులకి మాటలు కావాలిగా. పార్కింగులో కారు అద్దాలెత్తుకుని కూర్చుని ఆమె ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. అబ్బో, కష్టపడాల్సిన పనే లేకపోయింది, కుళాయి తిప్పినట్టు వచ్చాయ్. హనీ, రాంచ్ ఎక్కడ పెట్టావ్? నేను సాయం చేస్తాగా, ఏం చేయాలో చెప్పు చాలు. ఐసు అయిపోయినట్టుందే! ఏంటి అట్లా ఉన్నావ్, కాస్త నవ్వొచ్చుగా. మా అబ్బాయి సన్నబడ్డాడు. నువ్వు తిన్లేదా? అరే, ముందే చెప్పాల్సింది. చివరి వంటిల్లు ఎంత ఇరుకంటే పక్కకి తిరిగి నడవాలి, అక్కడ చల్లారిన ఒక కంచం ఉంటది, అన్ని గొంతులూ ఒకేసారి పిలుస్తాయ్. అంతే, బయటకి తలుపు.

ఆ షోకి ముందురోజు, శనివారం మధ్యాహ్నం, పార్కు సిబ్బందికీ వాళ్ళ ఇంటివాళ్ళకీ ట్రయల్ నడక. వేడ్, వెంట తెచ్చుకున్న లోనీ నవ్వుకుంటూ బయటకొచ్చి, షో గురించి మాట్లాడుకుంటూ లోనీ బండెక్కి పోయారు. ఆడవాళ్ళు బయటకొచ్చిన తీరే వేరు. టికెట్ల కౌంటర్ పిల్ల ఒకత్తి గోడకి ఆనుకుని చాలాసేపు బూట్ల లేసులు కట్టుకుంది, కట్టి ఉన్న లేసులే. ఒపాల్ వచ్చి కోరిన్ కార్లో కూర్చుంది. రోడ్డు నిండా లవ్‌బగ్స్ అనే నల్ల పురుగులు, సెప్టెంబర్ కదా, జంటలు జంటలుగా అద్దానికి కొట్టుకుని అతుక్కుపోతున్నాయ్.

"పెద్దది ఆడది, తెలుసా," అంది ఒపాల్ అద్దం వంక చూస్తూ. "అదే ఎగురుద్ది. మగది వెనకాల వేలాడతది, అంతే."

"తెలుసు ఒపాలమ్మా. బంపరు కడిగేది నేనేగా."

కోరిన్ వైపర్లు వేసింది. తర్వాత ముసలామె, "ఆ ఐసు మాట మా ఆయనది," అంది.

"వేడ్ అనేది."

"వీడెక్కడ నేర్చాడనుకున్నావ్? గ్లాసు ఆడించి, అట్లాగే, పైకి చూడకుండా. సమాధిలో ఉండి కూడా ఐసు అడుగుతుంటాడేమో ఆ మనిషి." ఒపాల్ నవ్వింది, నవ్వు దగ్గైంది. "మా వాడేదో సొంతిల్లనుకున్నావా పిల్లా? వాడు సినిమా ఇల్లు. రెండో భాగం."

కోరిన్‌కి నవ్వాలో కారు ఆపాలో తెలీలేదు.

"నా మాట కూడా పెట్టావ్. సన్నబడ్డాడనేది."

"పెట్టా."

"హుఁ. ఆ గొంతు నాకంటే బాగుంది," అని ఒపాల్ కిటికీ వైపు తిరిగింది.  ఆ రాత్రి తిన్న కంచం తనే కడుక్కుంది, ఆ ఇంట్లో అది మొదటిసారి.

ఇంక సోమవారం. బ్రెంట్ పిలిచి కుర్చీ చూపించాడు, కుర్చీ చూపించాడంటేనే కోరిన్‌కి అర్థమైపోయింది. "మార్చిలో డీల్ వదిలేసిన ఆ సినిమా వాళ్ళు మళ్ళీ వచ్చారు. మొగుడు పెళ్ళాన్ని వంటింట్లో చంపే సినిమా. నీ వంటిళ్ళు అతికినట్టు సరిపోతాయ్! ఏదీ పడగొట్టం. గొంతులు తీసేసి సినిమా మ్యూజిక్ వేస్తాం, చివర్లో ఆవిడ మొహం తిప్పుతుంది, గొంతు కోసి ఉంటది. అంతే."

"గొంతులు తీసేస్తే ఇంకేముంది బ్రెంట్?"

"ఇల్లు నీదే కోరిన్. గొంతులొక్కటేగా పోయేది. అయినా మీ ఆయనే షోలో అన్నాడుగా, అట్లా ఎవరూ మాట్లాడరని. పైవాళ్ళు విన్నారు." తర్వాత పాపం వాడికీ కాస్త సిగ్గేసినట్టుంది. "చూడు, వచ్చే సోమవారం సంతకాలు. ఈలోపు ఫ్యాన్స్ గోల చేస్తే నేను పైన ఒక మాట చెప్పగలను. గోల లేకపోతే నా చేతిలో లేదు."

ఆ వార్త గాల్లో ఎట్లా పాకిందో గానీ బుధవారానికి వేడ్ దాకా వచ్చేసింది. భోజనం దగ్గర బల్ల గుద్దాడు. "సొంతిల్లుని అద్దిల్లు చేస్తారా! నాకు నచ్చకపోవచ్చు, అది వేరే. ఇది ధర్మం!" అతని మొహం నిజంగానే ఎర్రబడింది, ఏ కారణం లేకుండా పెళ్ళి చేసుకోలేదు కదా కోరిన్, ఒకప్పుడు ఆ ఎరుపే నచ్చి చేసుకుంది. "ఆదివారం షో అంతా దీని మీదే. హనీ, నువ్వక్కడే పనిచేస్తావ్‌గా, ఆ రాసినోణ్ణి పట్టుకురా. ఆ మాటలు ఎక్కణ్ణుంచి తెచ్చాడో వచ్చి చెప్తే చాలు, జనం ఊగిపోతారు."

"నిజం చెప్పాలా?"

"నిజమే చెప్పాలి. సొంతిల్లంటే అదేగా!"

"సరే. వస్తుంది," అంది కోరిన్.

'వస్తాడు' అనలేదు. వేడ్ ఆ తేడా వినలేదు, ఉప్పు కోసం చూస్తున్నాడు. ఉప్పు అతని ముందే ఉంది. బల్ల చివర ఒపాల్ మాత్రం తల ఎత్తి కోడలి వంక చూసింది.

అప్పట్నుంచీ కోరిన్‌కి నిద్ర లేదు. గొంతుల్ని పోనిస్తే ఏమవుద్ది, ఇంకో సినిమా ఇల్లు, ఇంకో పగిలిన కప్పు, అలవాటేగా. చెప్తే? లైవ్‌లో, వేడ్‌ని వేలమంది వినే చోట, ఆ గొంతు ఇదిగో ఈయనదేనండీ అంటే ఆ మనిషి మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోగలడా? చెడ్డోడు కాదు, ఎప్పుడూ చెయ్యెత్తలేదు, తాగి రాలేదు. ఇదే, ఇదే ఆమెని ఇన్నేళ్ళూ ఆపింది. చెప్పుకోడానికి ఒక్క గాయం లేదు. సినిమా వాళ్ళకి కోసిన గొంతు కావాలి, ఆమెకి కోసిందేం లేదు, అరిగిపోయింది, సబ్బు అరిగినట్టు. దానికి ఏ ఫొటో పట్టుకొచ్చి పోల్చుకుంటారు? ఆ గొంతులు తప్ప ఇంకే సాక్ష్యమూ లేదు. అవి కూడా తీసేస్తే తను అలిసిపోయిందన్న సంగతి తనకే అబద్ధంలా అనిపిస్తుందేమోనని భయమేసింది.

ఆదివారం వచ్చింది. చికెన్ ఫ్రిజ్‌లోనే ఉంది. నూనె బాణలి గోడకే వేలాడుతోంది. ఒపాల్ హాల్లో సోఫాలో కూర్చుని ఫోన్‌లో షో పెట్టుకుంది, కోడలు పక్కనుంచి వెళ్తుంటే సౌండు పెంచింది. కోరిన్ గ్యారేజీ తలుపు తీసింది. ఎర్ర దీపం వెలుగుతోంది, అంటే లైవ్. రెండు మైకుల పక్కన మూడోది, అతిథి కోసం, దాని ముందు ఖాళీ కుర్చీ. ఆమె వెళ్ళి అందులో కూర్చుంది. చేతుల్లో ఏ ప్లేటూ లేకుండా అవి ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒళ్ళో పెట్టుకుంది.

వేడ్ కామెంట్లు చదువుతున్నాడు, తల ఎత్తలేదు. "హనీ, అది గెస్టు కుర్చీ. వింగ్స్ ఏవీ?" అని, ఖాళీ గ్లాసు అలవాటుగా ఆడించి, "ఐసు అయిపోయినట్టుందే! ఆఁ, రాంచ్ ఎక్కడ పెట్టావ్?"

లోనీ ముందు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. వాడు ఆ ఇంట్లో నడిచొచ్చినోడే కదా.

"వేడ్," అన్నాడు మెల్లగా, "అది... మొదటి వంటిల్లురా."

"ఏంటీ?"

"నువ్వు ఇప్పుడన్నది. గోడ వెనక గొంతు."

స్క్రీన్ మీద కామెంట్లు ఒక్కసారిగా ఎగబాకాయ్. వేడ్ అప్పుడు తలెత్తాడు. భార్యని చూశాడు, ఆమె కూర్చున్న కుర్చీని చూశాడు, ఆమె ఖాళీ చేతుల్ని చూశాడు. మొహంలో ఎరుపు మొత్తం దిగిపోయింది. తన మైకు ఆపేసి, చెయ్యి చాచి ఆమె మైకుని అరచేత్తో మూసేశాడు.

"కోరీ," అన్నాడు, పెళ్ళైన కొత్తల్లో పిలిచినట్టు, "లోపలికెళ్ళి మాట్లాడుకుందాం. ప్లీజ్. ఇక్కడ కాదు."

ఎంత మెత్తగా అడిగాడో! ఇన్నేళ్ళల్లో అంత మెత్తగా ఒక్కసారి అడిగినా ఆ ఇల్లు కట్టాల్సిన పనే పడేది కాదు. లోపల హాల్లో ఒపాల్ ఫోన్‌లో షో సైలెంట్ అయిపోయింది, ఆమె దగ్గు ఒక్కటే వినపడుతోంది. రేపు పొద్దున బ్రెంట్ సంతకం పెట్టించుకుంటాడు. కోరిన్ ఆ చేతి వంక చూసింది, ఉంగరం ఉన్న చెయ్యి, చెడ్డోడిది కాని చెయ్యి, దాని వేళ్ళు ఒక్కొక్కటే నెమ్మదిగా మైకు మీంచి తీసింది. అన్నీ వచ్చేశాయ్, చిటికెన వేలొక్కటి మిగిలింది.

ఇప్పుడు మీరు చెప్పండి, ఆ కుర్చీలో మీరే ఉంటే ఏ ఇల్లు నిలబెట్టుకునేవాళ్ళు?