మూడో అధ్యాయం

పీహెచ్‌డీ వైవా అయిన రోజున అందరూ అన్నది ఒకటే మాట: "ఇంక నీకేం!" అలా అని వెళ్ళినవాళ్ళలో ఒక్కరైనా తర్వాతి ఏడు నెలల్లో ఆమె ఎలా ఉందో చూడడానికి రాలేదు. చూసింది అక్కా, బావే. స్టైపెండు ఆగిపోగానే హాస్టలు గది ఖాళీ చేసి వాళ్ళ ఇంటి ముందుగదిలోకి చేరింది.

కాలు ఒకచోట నిలిచేది కాదు. కుర్చీలో కూర్చుంటే మోకాలు ఊగుతూనే ఉండేది. ఐదు నిమిషాలు కంప్యూటరు ముందు, ఐదు నిమిషాలు కిటికీ దగ్గర, మళ్ళీ ఫోనులో మెయిలు ఏమైనా వచ్చిందా అని చూడడం. కూరగాయలు తరుగుతానని కూర్చుని సగంలో లేచిపోయేది. మిగతా సగం అక్క తరిగేది.

"నువ్వలా నిమిషానికోసారి తలుపు కొడుతుంటే ఆ మెయిలు భయపడి రావడం మానేస్తుంది మరదలా," అనేవాడు బావ. అతనికి బజారులో కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. ఎదుటివాళ్ళ కళ్ళు ఎంత ఎర్రబడ్డాయో చూసి నిద్ర లెక్క చెప్పేయగలడు.

పక్కింటి పెద్దావిడ, ఈ ఇంట్లో ఎవరో డాక్టరయ్యారని విని, మోకాళ్ళ నొప్పులకు మందడగడానికి వచ్చింది.

"నేను ఆ డాక్టర్ని కాదండీ. పురుగుల మీద చదువుకున్నాను."

"అలాగా! అయితే మా వంటింట్లో బొద్దింకల సంగతి చూడు తల్లీ," అంది ఆవిడ ఏ మాత్రం నిరాశపడకుండా.

ఆమె చదివింది బొద్దింకల గురించి కాదు, గింజల్లో పెరిగే పురుగుల గురించి. గింజ పైకి నిక్షేపంగా కనిపిస్తుంది. లోపల పురుగు పిల్ల కూర్చుని తొలుస్తూ ఉంటుంది. ఆ చప్పుడు మామూలు చెవికి ఆనదు. డబ్బాకు సన్నటి మైకు అంటించి, చప్పుడును కంప్యూటరులోకి ఎక్కిస్తే, లోపలున్నది ముక్కుపురుగా, నుసిపురుగా అన్నది తొలిచే తీరునుబట్టి చెప్పేయవచ్చు. ఆమె థీసిస్‌లో మూడో అధ్యాయం ఇదే. మొత్తం థీసిస్‌కు ఆయువుపట్టు కూడా అదే. గైడు పేరుతో కలిపి పేరున్న పత్రికలో అచ్చయింది.

ఆ బలంతోనే ఫెలోషిప్పులకు రాయడం మొదలుపెట్టింది. మొదటివాళ్ళు, "మీ ప్రాజెక్టు మీ థీసిస్‌కు మరీ దగ్గరగా ఉంది," అన్నారు. సరేనని కొంచెం దూరం జరిపి ఇంకోచోటికి పంపితే, "మీ థీసిస్‌తో సంబంధం కనిపించడం లేదు," అన్నారు.

"ఆ రెండింటి మధ్యలో ఎక్కడో జానెడు చోటు ఉంటుంది. తువ్వాలు వేసి అట్టేపెట్టుకో," అన్నాడు బావ. ఆమెకు నవ్వు రాలేదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. మూడేళ్ళ ఫెలోషిప్పు. పట్టా వచ్చి ఏడాది దాటినవాళ్ళు పనికిరారు కాబట్టి ఆమెకు ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి. చదివిన చోట కాకుండా వేరే సంస్థలో పనిచేయాలి. అక్కడి శాస్త్రవేత్త ఒకరు ఈమెను తీసుకుంటానని ఉత్తరం ఇవ్వాలి, దానిమీద సంస్థ ముద్ర పడాలి. గైడు తన సిఫారసును నేరుగా కమిటీకే పంపాలి. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు.

పదకొండుమందికి రాసింది. తొమ్మిదిమంది ఉలకలేదు, పలకలేదు. ఒకాయన శుభాకాంక్షలు చెప్పి తప్పుకున్నాడు. పదకొండోవారి జవాబు మంగళవారం పొద్దున ధాన్యం నిల్వ పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. "మీ థీసిస్ చదివాను. మూడో అధ్యాయం గురించి మాట్లాడాలి. రేపు రండి." అంతే.

"చూశావా, మూడో అధ్యాయమే అడిగారు!" అని అక్కను పట్టుకుని గిర్రున తిప్పేసింది.

రెండు బస్సులు మారి వెళ్ళింది. ఊరి చివర, వరుసగా గోదాములు, వాటి వెనక చిన్న మేడ. ఎక్కడ చూసినా గోనె వాసన, పొట్టు దుమ్ము. ఉత్తరం రాసిన మేడమ్ మోచేతుల దాకా దుమ్ముతో నిలబడి ఉంది. కుశలప్రశ్నల జోలికి పోలేదు.

"ముక్కుపురుగు డబ్బాల్లో గింజల తేమ ఎంత పెట్టావు?"

"పద్నాలుగు శాతం మేడమ్. అంతకు తగ్గితే అవి సరిగా పెరగవు."

"నుసిపురుగు డబ్బాల్లో?"

"పది. అవి పొడి గింజల్లో కూడా..."

మేడమ్ కంప్యూటరులో రెండు చప్పుళ్ళు వినిపించింది. మొదటిది మెత్తగా, నానిన అట్టను చింపుతున్నట్టుంది. రెండోది పొడిగా, కరకరమంటోంది.

"చెప్పు, ఏది ఏదో."

"మొదటిది ముక్కుపురుగు. రెండోది నుసిపురుగు."

"రెండూ ముక్కుపురుగులే. మొదటిది తేమ గింజలో, రెండోది ఎండు గింజలో. ఎండు గింజల్లో సగానికిపైగా చచ్చాయి. బతికినవాటి చప్పుడిది." ఆవిడ గొంతులో గెలిచానన్న ధ్వని లేదు. "నువ్వు కనిపెట్టింది పురుగుల మధ్య తేడా కాదమ్మా, తేమ తేడా. ఆ అంకెలు నువ్వే చివరి పట్టికలో వేశావు. పరీక్షకుల కంట పడలేదు. నాకూ రెండోసారి చదివితేగానీ కనిపించలేదు."

ఐదేళ్ళు. పద్నాలుగు, పది. చిన్నపిల్ల కూడా అడిగే ప్రశ్న.

"అయితే ఉత్తరం ఇవ్వరా మేడమ్?"

"పాత ప్రాజెక్టుకైతే ఇవ్వను. కొత్తది రాస్తే శుక్రవారం పొద్దున పట్టుకురా. చదివి చెబుతాను."

తిరుగు బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయి, రెండు స్టాపులు వెనక్కి నడిచింది.

గురువారం పొద్దున్నే గైడు దగ్గరికి వెళ్ళింది. ఆయన నెలాఖరుకు రిటైరవుతున్నాడు. గదిలో పుస్తకాలు సగం అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. ఆమె పురుగుల సీసాలు మాత్రం ఇంకా అరమీద వరసగా ఉన్నాయి. ఒక వేసవిలో ఎండకు పురుగులు చచ్చిపోతుంటే, తన గదిలో ఏసీ ఉందని ఆ సీసాలన్నీ ఇక్కడే పెట్టించి, మూడు నెలలు చలికి కోటు వేసుకుని కూర్చున్న మనిషి ఆయన. అందుకే చెప్పడానికి నోరు రాలేదు. ఎలాగో చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"వచ్చే వారం నాకు వీడ్కోలు సభ. పొగిడేటప్పుడు అందరూ ఎత్తేది ఆ పేపరే. ఇప్పుడే చెప్పాలా ఇది?"

"నాకూ నిన్ననే తెలిసింది సార్."

"పాత ప్రాజెక్టే పంపు. ఫెలోషిప్పు వచ్చాక నెమ్మదిగా సరిచేసుకో. కమిటీలో ఎవరికీ పట్టదు."

"ఆ మేడమ్‌కు తెలుసు సార్. నాకూ తెలుసు."

"పేపరు మీద నా పేరు కూడా ఉందమ్మా!" గొంతు పెరిగింది. తర్వాత దానంతటదే తగ్గింది. "నా సిఫారసు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు వెళ్ళు."

ఏం చూసుకుంటాడో చెప్పలేదు. అడిగే ధైర్యం ఆమెకు లేదు.

ఇంటికొచ్చి చెబితే అక్క తల పట్టుకుంది. "ఎవరూ అడగని తప్పు నువ్వెందుకే నెత్తినేసుకోవడం? ఇదే ఆఖరి అవకాశమన్నావు కదా!"

"ఒకరు అడిగారక్కా."

"ఆ ఒక్కరూ ఊరుకుంటే?"

"రేపు ఎవడో గోదాం వాడు నా పేపరు నమ్మి తప్పు మందు కొడతాడు. నేను ఊరుకుంటే ఆ తప్పూ ఊరుకుంటుందా?"

అక్క టీవీ ఆపేసి, గది తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. ఆ మధ్యాహ్నమూ, మర్నాడు తెల్లవారుజామునా కూర్చుని ఆమె కొత్త ప్రాజెక్టు రాసింది. గింజ తేమ చప్పుడును ఎలా మారుస్తుంది, ఆ తేమ ప్రభావాన్ని తీసేశాక పురుగుకు పురుగుకు తేడా ఏమైనా మిగులుతుందా అన్నదే అందులోని ప్రశ్న. మొదటి పేరాలోనే తన మూడో అధ్యాయం తప్పని రాసుకుంది. ఆ వాక్యాన్ని నాలుగుసార్లు కొట్టేసింది, ఐదుసార్లు రాసింది.

శుక్రవారం పొద్దున మేడమ్ నిలబడే చదివింది. రెండుచోట్ల గీత పెట్టి, "ఇవి మార్చు. ఉత్తరం ఇస్తాను," అంది. ఇక ముద్ర మిగిలింది. డైరెక్టరు సమావేశానికి వెళ్ళాడు. ఆయన బదులు సంతకం పెట్టాల్సినాయన భోజనానికి వెళ్ళాడు. ఆయన వచ్చి సంతకం పెట్టాక చూస్తే ముద్ర సొరుగులో ఉంది, సొరుగు తాళం గుమస్తా జేబులో ఉంది, గుమస్తా లారీల లెక్క చూడడానికి నాలుగో గోదాముకు వెళ్ళాడు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది.

"ముద్రకోసం ఇంత పరుగా! నడిచొస్తే మాత్రం వేయనా?" అన్నాడు గుమస్తా, గోనెల మీంచి తాపీగా దిగుతూ.

నాలుగుంపావుకు ముద్ర పడింది. ఫైలు పెద్దదైందని వెబ్‌సైటు రెండుసార్లు తిప్పికొట్టింది. ఐదుకు తొమ్మిది నిమిషాలుండగా మూడోసారికి పుచ్చుకుంది. తెర అడుగున ఇంకో వరస ఉంది: సిఫారసు అందలేదు. ఫోను చేద్దామా అని తీసింది, పెట్టేసింది, మళ్ళీ తీసింది. ఐదుకు నాలుగు నిమిషాలుండగా ఆ వరస మారింది: అందింది.

అందింది సరే. అందులో ఏముంది?

వీడ్కోలు సభలో ఆమె వెనక గోడను ఆనుకుని నిలబడింది. వక్తలందరూ ఆ పేపరు గురించే మాట్లాడారు. ఆయన తల వంచుకుని విన్నాడు. ఆమె వైపు చూడలేదు. సార్‌ను గది ఖాళీ చేయమనడంతో సీసాలు అక్క ఇంటికి చేరాయి.

"మా పిండి డబ్బాలో ఒక్క పురుగు కనిపించిందంటే, నిన్నూ వాటినీ కలిపి బయట పెడతాను," అంది అక్క. అంటూనే వాటికోసం చల్లని మూల వెతికింది.

నెలన్నరకు ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. పొడవాటి బల్లకు అవతల ఐదుగురు. చివరన కూర్చున్నాయన సూటిగా అడిగాడు. "మీ థీసిస్ తప్పని మీరే రాశారు. మరి ఈ కొత్తదాన్ని మేమెలా నమ్మాలి?"

"నమ్మక్కర్లేదు సార్." తన నోట్లోంచి వచ్చిన ఆ మాటకు తనే ఉలిక్కిపడింది. "నేనూ నమ్మడం లేదు. అందుకే మొదటి ఆరు నెలలూ దాన్ని పడగొట్టే పరీక్షలకే కేటాయించాను. ఏ డబ్బాలో ఏముందో తెలియని ఇద్దరు మనుషులు వింటారు. నేను వినను."

మధ్యలో కూర్చున్న పెద్దావిడ ఒక కాగితం తీసింది. "మీ గైడు రాసింది మామూలుగా అయితే చదవకూడదు. ఒక నాలుగు వాక్యాలు చదువుతాను." కళ్ళజోడు సర్దుకుంది. "ఈ అమ్మాయి తప్పు చేసింది. దానిమీద నేనూ సంతకం పెట్టాను. ఆమెకు ఐదేళ్ళ అనుభవం, నాకు ముప్పై నాలుగేళ్ళది, ఎవరు ముందు పట్టుకోవాల్సిందో మీరే చెప్పండి. నాకింకా కోపంగానే ఉంది, అది తగ్గేదాకా ఆగితే గడువు దాటిపోతుంది గనుక ఇప్పుడే రాస్తున్నాను, ఈమెను తీసుకోండి."

ఆమె మోకాలు ఊగడం ఆగింది. తర్వాత ఏం అడిగారో, ఏం చెప్పిందో ఆమెకు గుర్తు లేదు.

మూడు వారాల తర్వాత, ఖాళీగా ఉండలేక ఆమె బావ కొట్టులో ఫ్రేములు తుడుస్తుంటే ఫోను మోగింది. మూడేళ్ళు ఇవ్వలేదు. ఏడాది ఇచ్చారు. ఫలితాలు చూసి పొడిగింపు గురించి ఆలోచిస్తామన్నారు. బావ కొట్టులో ఉన్న ముగ్గురు కొనుగోలుదార్లకీ చెప్పాడు. వాళ్ళకేం అర్థమైందో గానీ ముగ్గురూ అభినందించారు.

అక్క మాత్రం ఫోనులో, "ఏడాదేనా? ఆ తర్వాత?" అంది.

"ఆ తర్వాత మళ్ళీ అప్లికేషన్లు. ఏడో నెల నుంచే మొదలుపెట్టాలి."

"నీ కాలు ఇక జన్మలో నిలవదే," అని నిట్టూర్చి, "సాయంత్రం తొందరగా రా," అంది అక్క.

తొందరగా వెళ్ళలేదు. పత్రికకు పంపాల్సిన సవరణ ప్రకటన సంచిలో పెట్టుకుని సార్ ఇంటికి వెళ్ళింది. ఆయనే తలుపు తీశాడు. ఫెలోషిప్పు మాటా, మొదటి ఆరు నెలల పరీక్షల సంగతీ చెబితే, "ఊఁ, తెలిసింది," అని కాగితం కోసం చెయ్యి చాచాడు. ఎర్ర పెన్ను అప్పటికే జేబులో ఉంది.

"'తేమలోని తేడా గమనింపబడలేదు' అని రాశావేం? ఎవరు గమనించలేదు?"

"మనమే సార్."

"మరి అలా రాయి. 'మేము గమనించలేదు.'" తనే దిద్దాడు. సంతకం చేశాడు. పెన్ను మూత పెట్టకుండానే, "ఆరు నెలల్లో ఆ పరీక్షలన్నీ అయిపోతాయని ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు.

"లెక్క వేశాను సార్."

"నీ లెక్క తప్పు. ఎండు గింజల్లో పురుగులు చస్తాయని ఆవిడ చెప్పలేదూ? రెట్టింపు డబ్బాలు పెట్టాలి."

"రెట్టింపు అంటే ఏడాదంతా దానికే పోతుంది!"

"పోనీ. ముందు కూర్చో," అంటూ ఆయన కుర్చీ మీది పుస్తకాలు కింద పెట్టాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే కాగితం వెనక అంకెలు వేయసాగింది.